ఉప్మా నుంచి విమానాశ్రయం దాకా: పల్లె కౌమారుల రక్తపోటు చరిత్ర

పద్దెనిమిదేళ్లు నిండీ నిండని కుర్రాళ్లు ఉద్యోగంలో చేరడానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలంటూ వైద్యుని వద్దకు వస్తారు. విమానాశ్రయం వచ్చిన తర్వాత శంషాబాద్ చుట్టుపక్కల ఇది తరచు కనిపించే దృశ్యం. ఒకరు సరుకుల గిడ్డంగిలో పనికి, ఒకరు హోటల్లో పనికి, మరొకరు కారు నడపడానికి వెళ్లవలసినవారు. వైద్యుడు దండచేతికి పట్టీ చుట్టి గాలి కొడతాడు. చాలామందికి రక్తపోటు కొలిపించుకోవడం జీవితంలో అదే మొదటిసారి. అప్పుడప్పుడు ఒకరికి 140 దగ్గరే చప్పుడు మొదలవుతుంది. "నాకు బీపీ ఏంది సార్, మా నాయినకే లేదు" అని ఆ కుర్రవాడు నవ్వుతాడు. తండ్రికి నిజంగా లేదో, తండ్రికి కూడా ఎవరూ కొలవలేదో ఆ నవ్వులో తెలియదు.

రక్తపోటు ఆ ఉదయం పుట్టినది కాదు. దానికి పూర్వచరిత్ర ఉంది. అది ఆ యువకుడు తల్లి గర్భంలో ఉన్నప్పుడే మొదలై ఉండవచ్చు. ఈ మాట ఊహగా చెప్పడం లేదు. ఈ రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనే, సుమారు నాలుగు దశాబ్దాల క్రితం మొదలైన ఒక పరిశీలన ఆ చరిత్రను కొంతవరకు మన ముందుంచింది. పాఠకులకు ఆ కథను చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొలత లేని కాలం

రష్యా వైద్యుడు నికొలాయ్ కొరొట్కాఫ్ స్టెతస్కోపుతో ధమని చప్పుళ్లు వింటూ రక్తపోటును కొలిచే పద్ధతిని 1905లో వివరించాడు. పెద్దలకు అది త్వరలోనే నిత్యపరీక్ష అయింది. పిల్లల విషయంలో మాత్రం ఎంత ఉంటే ఎక్కువ అన్న ప్రశ్నకు చాలాకాలం సమాధానం లేదు. పిల్లవాని వయసుతోను, ఎత్తుతోను రక్తపోటు పెరుగుతూ పోతుంది కనుక ఒకే అంకె అందరికీ సరిపోదు. 1977లో అమెరికాలో ఒక నిపుణుల బృందం తొలిసారిగా పిల్లలకు ప్రమాణాలను ప్రకటించింది. 2017లో అమెరికా శిశువైద్యుల సంస్థ వాటిని సరళం చేసింది. ఆ ప్రకారం 13 ఏళ్లు నిండినవారికి 120/80 లోపు ఉంటే సాధారణం. పై అంకె 120 నుంచి 129 మధ్య ఉండి, కింది అంకె 80 లోపు ఉంటే హెచ్చరిక. పై అంకె 130 గాని, కింది అంకె 80 గాని చేరితే అధిక రక్తపోటు. అంతకంటె చిన్న పిల్లలకు వయసును, ఎత్తును, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నదాన్ని బట్టి పట్టికలు చూడాలి.

మన దేశంలో పిల్లలను గురించి అప్పట్లో వైద్యుల దిగులు వేరు. పిల్లవాడు బతుకుతాడా, బరువు పెరుగుతాడా, కంటిచూపు నిలుస్తుందా అన్నవే ప్రశ్నలు. పల్లె పిల్లవానికి రక్తపోటు చూడాలన్న ఆలోచనే రాని రోజులవి. దాన్ని తప్పుపట్టలేం. ఆకలి కళ్లెదుట కనిపిస్తుంది. రక్తపోటు కనిపించదు.

తార్నాక సంస్థ, 29 గ్రామాలు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు దీర్ఘ చరిత్ర ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిని శోధించడానికి చిన్న ప్రయోగశాలగా మొదలుపెట్టాడు. 1958లో అది హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభమై, ఊరూరా అంగన్‌వాడీ కేంద్రాలు దశలవారీగా వస్తున్న కాలంలో ఈ సంస్థ శాస్త్రవేత్తలకు ఒక అవకాశం దొరికింది. పథకం ఒక ప్రాంతానికి వచ్చి, పొరుగు ప్రాంతానికి ఇంకా రానప్పుడు రెండింటినీ పోల్చి చూడవచ్చు. ఏ పల్లెకూ అన్యాయం చేయనక్కరలేదు. ప్రభుత్వ కార్యక్రమం నడిచే క్రమమే పరిశోధనకు దారి అయింది.

1987 నుంచి 1990 వరకు నాటి రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్‌కు ఆగ్నేయ దిశలో ఉన్న 29 గ్రామాల్లో ఈ పరిశీలన జరిగింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ వండిన ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో చేసిన ఉప్మా అది. గర్భిణికి సుమారు 500 కిలోకెలోరీలు, పిల్లలకు సుమారు 300 కిలోకెలోరీలు దాని ద్వారా అదనంగా అందేవి. మిగిలిన 14 గ్రామాలకు అప్పటికి పథకం రాలేదు. ఉప్మా అందిన గ్రామాల్లో శిశువుల జననభారం సగటున 61 గ్రాములు ఎక్కువగా తేలింది.

61 గ్రాములంటే గుప్పెడు పల్లీల బరువు. అంత స్వల్పమైన తేడాకు అంత శ్రమ ఎందుకని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే అది సహేతుకమైన ప్రశ్నే. సమాధానం పదిహేనేళ్ల తర్వాత వచ్చింది.

గర్భంలోనే పడే బాకీ

ఈలోగా ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు ఒక విచిత్రమైన విషయాన్ని గమనించాడు. హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో 1911 నుంచి ఆరోగ్య కార్యకర్తలు శిశువుల బరువులను పుస్తకాల్లో జాగ్రత్తగా రాసిపెట్టారు. ఆ శిశువులు పెద్దవారై ఏమయ్యారో బార్కర్ బృందం వెతికింది. తక్కువ బరువుతో పుట్టి, ఏడాది వయసులోనూ తక్కువ బరువున్న మగవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువగా ఉన్నాయని 1989లో ప్రకటించింది. జననభారం తగ్గినకొద్దీ తర్వాతి వయసులో రక్తపోటు పెరుగుతుందని కూడా ఆ బృందమే చూపింది. మైసూరులోని హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రిలో 1934 నుంచి భద్రపరచిన జనన పుస్తకాలు తెరచి చూస్తే, మన దక్షిణాదివారిలోనూ తక్కువ బరువుతో పుట్టినవారికి గుండెజబ్బు ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

దీనికి ఒక వివరణ మూత్రపిండాల్లో ఉంది. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సూక్ష్మమైన మూత్రాంకాలు లక్షల సంఖ్యలో ఉంటాయి. గర్భంలో 36వ వారం నాటికి వాటి నిర్మాణం ముగుస్తుంది. పుట్టిన తర్వాత కొత్తవి ఏర్పడవు. తల్లికి తిండి చాలక శిశువు చిక్కిపోతే మూత్రాంకాలు తక్కువగా ఏర్పడతాయి. ఉన్న కొద్దిపాటివే ఉప్పును, నీటిని బయటకు పంపవలసి వచ్చినప్పుడు శరీరం రక్తపోటును పెంచి ఆ పని చేయిస్తుంది. జర్మనీలో ప్రమాదాల్లో మరణించిన మధ్యవయస్కుల మూత్రపిండాలను పరిశీలించి 2003లో ప్రకటించిన ఫలితం ఈ వివరణకు బలమిచ్చింది. రక్తపోటు ఉన్నవారికి ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 7 లక్షల మూత్రాంకాలే ఉండగా, లేనివారికి 14 లక్షలున్నాయి.

పుణే వైద్యులు మరొక సంగతి చెప్పారు. మన శిశువులు సన్నగా, సగటున 2.7 కిలోల బరువుతో పుడతారు. కండ తక్కువ. కానీ చర్మం కింది కొవ్వు మాత్రం ఇంగ్లండు శిశువుతో పోల్చితే అంతగా తగ్గదు. అంటే చూడడానికి బక్కగా ఉన్న పిల్లవాడు లోపల బక్కవాడు కాకపోవచ్చు. "మావాడు పుల్లలా ఉన్నాడు, వాడికి బీపీ ఏమిటి?" అనే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఉప్మా తిన్న పిల్లలు పెద్దవారయ్యాక

2003–05 సంవత్సరాల మధ్య పోషకాహార సంస్థవారు, లండన్ పరిశోధకుడు సంజయ్ కిన్రా బృందంతో కలిసి ఆ 29 గ్రామాలకు తిరిగి వెళ్లారు. 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చిన 1,165 మంది కౌమారులను పరీక్షించారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువగా ఉన్నారు. ఇన్సులిన్ నిరోధం 20 శాతం తక్కువగా ఉంది. ధమనుల బిరుసుతనాన్ని తెలిపే కొలత 3.3 శాతం తక్కువగా ఉంది. తల్లి గర్భంలోను, పసితనంలోను తిన్న తిండి పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల మెత్తదనంలో కనిపించింది.

అయితే రక్తపోటు అంకెల్లో మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ సంగతిని దాచకుండా చెప్పడం అవసరం. ఉప్మా తినిపిస్తే రక్తపోటు రాదని ఈ పరిశీలన చెప్పలేదు. ధమనులు మెత్తగా ఉండడం మంచి పునాది. పునాది మీద ఏ ఇల్లు కడతామన్నది తర్వాతి సంవత్సరాలు నిర్ణయిస్తాయి. బాల్యంలో అందిన మేలును కౌమారంలో కాపాడుకోవడం వేరే బాధ్యత. ఆ బాధ్యత ఎంత కష్టమో శంషాబాద్ చెబుతుంది.

నగరమే నడిచి వచ్చిన చోటు

పరిశోధన జరిగిన పల్లెలకు పడమరగా, అదే జిల్లాలో, నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో శంషాబాద్ ఉంది. ఒకప్పుడు బెంగళూరు రహదారిపై చిన్న ఊరు. ఒకవైపు 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్, చుట్టూ జొన్నచేలు, కూరగాయల తోటలు, మేకలు మేసే బీళ్లు. సుమారు 5,500 ఎకరాల్లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం వెలసి, 2008 మార్చి 23న రాకపోకలు మొదలయ్యాయి. అదే సంవత్సరం నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు బాహ్యవలయ రహదారి తెరిచారు. మరుసటి ఏడాది మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు పైవంతెన దారి వచ్చింది. పాల్మాకుల, మామిడిపల్లి, పెద్ద గోల్కొండ వంటి పల్లెలవారికి నగరం ఒక తరం కూడా గడవకముందే గుమ్మంలోకి వచ్చింది.

పల్లెవారు నగరానికి వలసపోతే ఏమవుతుందో మనకు తెలుసు. హైదరాబాద్ సహా నాలుగు నగరాల్లోని కర్మాగారాల ఉద్యోగులను, పల్లెల్లోనే ఉండిపోయిన వారి తోబుట్టువులను పోల్చిన ఒక అధ్యయనంలో స్పష్టమైన క్రమం కనిపించింది. నగరానికి వచ్చిన తొలి పదేళ్లలోనే ఒంటి కొవ్వు త్వరగా పెరిగింది. రక్తపోటు మాత్రం దశాబ్దాల తరబడి మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. అంటే మొదట నడుము చుట్టుకొలత మారుతుంది, రక్తపోటు తర్వాత వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న కాలమే మనకు చిక్కే అవకాశం.

శంషాబాద్ పిల్లవాడు ఎక్కడికీ వలసపోలేదు. వాడు పుట్టిన ఊళ్లోనే ఉన్నాడు. నగరమే వాడి వద్దకు వలసవచ్చింది. బడికి నడిచే పిల్లవాడికి ఆటో వచ్చింది. ఆడుకునే బీడు ప్లాట్లయింది. పొలం అమ్మిన డబ్బుతో మోటారు సైకిలు వచ్చింది. జొన్నరొట్టె స్థానంలో తెల్లబియ్యపు అన్నం అంతకుముందే వచ్చి ఉంది. దానికి తోడు కిరాణా కొట్టు ముందు వేలాడే అయిదు రూపాయల చిప్స్ పొట్లాలు, చక్కెర పానీయాలు, రోడ్డు పక్క నూడిల్స్ బండి వచ్చాయి. వీటిని తెచ్చుకున్న కుటుంబాలను నిందించడం నా ఉద్దేశం కాదు. బడి, ఆసుపత్రి, ఉద్యోగం కూడా ఈ రహదారి మీదనే వచ్చాయి. కొరతకు అలవాటుపడి పుట్టిన శరీరానికి సమృద్ధి ఒక్కసారిగా ఎదురవడమే ఇక్కడి చిక్కు. పేదరికం ఒక్కటే ముప్పు కాదు, కలిమి ఒక్కటే ముప్పు కాదు. ఒకే బాల్యంలో మొదటిదాని నుంచి రెండవదానికి దాటవలసి రావడం పెద్ద ముప్పు.

చప్పుడు, ధూళి

విమానాశ్రయమే ఊరు మారడం హైదరాబాద్‌కే జరగలేదు. 1992లో జర్మనీలోని మ్యూనిచ్ నగరం పాత విమానాశ్రయాన్ని మూసి, ఊరి వెలుపల కొత్తది తెరిచింది. కొత్త విమానాశ్రయం సమీపంలో నివసించే 9 నుంచి 11 ఏళ్ల పిల్లలను పరిశోధకులు ముందు ఒకసారి, తర్వాత మళ్లీ పరీక్షించారు. విమానాల చప్పుడు మొదలైన తర్వాత ఆ పిల్లల్లో విశ్రాంతి సమయపు రక్తపోటు కొద్దిగా పెరిగింది. రాత్రి మూత్రంలో ఎపినెఫ్రిన్, నారెపినెఫ్రిన్ అనే ఒత్తిడి హార్మోనులు ఎక్కువయ్యాయి. ఐరోపాలోని ఆరు విమానాశ్రయాల వద్ద పెద్దలపై జరిగిన అధ్యయనంలోనూ రాత్రివేళ విమానాల చప్పుడుకు, అధిక రక్తపోటుకు సంబంధం కనిపించింది. నిద్ర చెడితే శరీరం రాత్రంతా కాపలా కాస్తున్నట్లే ఉంటుంది. చప్పుడు ఒక్కటే కారణమని మాత్రం తేల్చరాదు. చేతిలో ఫోనుతో అర్ధరాత్రి దాకా మేలుకునే పిల్లవాని నిద్రను విమానం కంటె ఫోను ఎక్కువగా చెడగొడుతుంది.

ఇక ధూళి. ఉప్మా పరిశీలన జరిగిన పల్లెల్లోనే తర్వాత గాలిలోని సూక్ష్మ ధూళికణాలను కొలిచారు. ధూళి ఎక్కువగా ఉన్నచోట నివసించే స్త్రీలలో రక్తపోటు ఎక్కువగా కనిపించింది. కట్టెల పొయ్యి పొగ, చెత్త కాల్చడం, లారీల పొగ, సిగరెట్టు ఇవన్నీ ఒకే గాలిలో కలుస్తాయి.

ముప్పు కారకాలను ఎలా గుర్తించాలి?

2016–18లో దేశమంతటా జరిగిన సమగ్ర పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్లవారిలో నూటికి అయిదుగురికి అధిక రక్తపోటు ఉన్నట్లు తేలింది. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరన్నమాట. ఆ ఇద్దరినీ ముఖం చూసి గుర్తుపట్టలేం. తలనొప్పి, కళ్లు తిరగడం కోసం ఎదురుచూస్తే చాలా ఆలస్యమవుతుంది. కనుక కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. పిల్లవాడు పుట్టినప్పుడు బరువు రెండున్నర కిలోల కంటె తక్కువా? నెలలు నిండకముందే పుట్టాడా? తల్లికి గర్భంతో ఉన్నప్పుడు రక్తపోటు వచ్చిందా? తల్లిదండ్రులకు, తాతలకు రక్తపోటు, పక్షవాతం, మూత్రపిండాల వ్యాధి ఉన్నాయా? గత రెండు మూడేళ్లలో నడుము వేగంగా పెరిగిందా? ఆటలు మానేశాడా? గుట్కా, పొగ అలవాటయ్యాయా? నిద్ర ఎన్ని గంటలు? ఇంట్లో ఉప్పు ఎంత?

పెద్దలకు రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చెంచాకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పిల్లలకు అంతకంటె తక్కువ చాలు. ఆవకాయ మానమని చెప్పి తెలుగు ఇంట్లో గెలిచిన వైద్యుడు లేడు. ముద్దపప్పులో కాస్త ఆవకాయ కలుపుకుంటే, ఆ పూట అప్పడం, మజ్జిగలో ఉప్పు, సాయంత్రం చిప్స్ మానడం సాధ్యమే.

కొలత కూడా సరిగా ఉండాలి. పిల్లవాడు అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోవాలి. వీపుకు ఆనుడు, పాదాలకు నేల, చేయి గుండె ఎత్తున ఉండాలి. పట్టీ లోపలి రబ్బరు సంచి పొడవు దండచేతి చుట్టుకొలతలో 80 శాతం ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని రక్తపోటు కనిపిస్తుంది. సన్నని చేతికి పెద్ద పట్టీ కడితే ఉన్నది దాగిపోతుంది. ఒక్కసారి ఎక్కువ వచ్చినంతనే జబ్బు అనరాదు. మూడు వేర్వేరు రోజుల్లో చూడాలి. నిజంగా ఎక్కువేనని తేలితే, ముఖ్యంగా చిన్న వయసులో, మూత్రపిండాల వ్యాధులు, బృహద్ధమని ఇరుకు, వినాళగ్రంథుల వ్యాధులు ఉన్నాయేమో పరీక్షించాలి. మందులు అవసరమా కాదా అన్నది ఆ తర్వాతి మాట. చాలామందికి బరువు తగ్గడం, ఉప్పు తగ్గించడం, రోజూ గంటసేపు ఆట చాలు.

మూడవ తరం

బడిపిల్లలకు ఏటా ఆరోగ్య పరీక్ష చేయడానికి ప్రభుత్వ కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఆ పరీక్ష రోజున కళ్లు, పళ్లతో పాటు రక్తపోటు కూడా చూడమని తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు అడగాలి. రెండు మూడు కొలతల పట్టీలు, కూర్చోవడానికి నిశ్శబ్దమైన ఒక గది. ఇంతకు మించి ఖర్చు లేదు.

1987–90లో ఆ ఉప్మా తిన్న తల్లుల కడుపున పుట్టినవారు ఇప్పుడు ముప్పై అయిదేళ్లు దాటారు. వారిలో ఎందరో స్వయంగా తల్లిదండ్రులు. నేటి పద్నాలుగేళ్ల పిల్ల రేపటి గర్భిణి. ఆమె రక్తహీనతతో, అధిక రక్తపోటుతో గర్భం దాలిస్తే శిశువు చిక్కిపోతుంది, మూత్రాంకాలు తగ్గుతాయి, కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఆమె రక్తపోటును ఈ ఏడాది చూస్తే మనం ఒకరిని కాదు, ఇద్దరిని చూసినట్లు.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చిన కుర్రవానికి పద్దెనిమిదేళ్ల వయసులో తెలిసిన అంకె వాడి తమ్ముడికి పదమూడేళ్ల వయసులోనే తెలియాలి. ఈ వ్యాసం చదివినవారు తమ ఇంట్లోని కౌమారునికి ఈ నెలలో ఒక్కసారి రక్తపోటు కొలిపించి, ఆ అంకెలను తారీఖుతో సహా ఒక పుస్తకంలో రాసిపెట్టమని నా మనవి. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోనూ, మైసూరులోనూ ఎవరో శ్రద్ధగా రాసిపెట్టిన పుస్తకాలే ఇంత జ్ఞానాన్నిచ్చాయి.